ధూమపానము – నోటి సూక్ష్మజీవులు – గుండెజబ్బు

(సంఘ వార్షిక మహాసభ రెండవ దినమున చదువబడిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, పేద విద్యార్థులకొసగు వేతనములను గూర్చియు పెద్దలు ముచ్చటించుట మన యాచారము. అట్టి వేదికపై పండ్లవైద్యమే జీవనముగా గల మమ్ము నిలువబెట్టి, మనవారికి పనికివచ్చు నారోగ్యవిషయమొకటి చెప్పుడని కార్యనిర్వాహకవర్గము వారు కోరిరి. పెద్దల మాటను త్రోసివేయలేక వచ్చితిమి. మేము వక్తలము గాము. తెలిసిన నాలుగు మాటలను తెలిసినట్లు చెప్పి సెలవు గైకొందుము. తప్పులున్నచో మన్నింప ప్రార్థన.

పొగ త్రాగుట నోటిలోని సూక్ష్మజీవులనెట్లు మార్చును, దానికిని గుండెజబ్బునకును గల సంబంధమెట్టిది యనునదియే నేటి మా ప్రసంగ విషయము. గుండెవైద్యులు చెప్పవలసిన దానిని పండ్లవైద్యుడేల చెప్పవలెనని కొందరు శంకింపవచ్చును. పొగ మొట్టమొదట తాకునది నోటినే గదా. అది శరీరమునకు చేయు కీడులో కొంత భాగమును కంటితో చూడగల చోటు నోరొక్కటియే. చూడ నేర్చినవారికి మాత్రమే యది కనబడునని మేము చాల నష్టపడి తెలిసికొంటిమి. ఆ కథను మొదట మనవి చేసెదము.

మేము దంతవైద్య విద్యార్థులుగా నుండగా ఒక వేసవి సెలవులలో స్వగ్రామమునకు పోయితిమి. మా పెదతండ్రిగారు మమ్ము అరుగుమీదికి పిలిచి, "ఏమిరా, పండ్ల డాక్టరీ చదువుచున్నావు గదా! నా నోరు చూచి చెప్పు" అని నోరు తెరచిరి. వారికప్పటికేబదియైదేండ్లుండును. దినమునకు ఆరేడు చుట్టలు కాల్చుట వారికి చిరకాలపుటలవాటు. పండ్లు నల్లబడి గార పట్టియుండెను. చిగుళ్ళు మాత్రము పాలిపోయి గట్టిగా నుండెను. ఎక్కడను ఎరుపు లేదు, వాపు లేదు. పుల్లతో నదిమి చూచినను రక్తపు చుక్క రాలేదు. చదువు సగమైనవాని గర్వముతో, "పెదనాన్నగారూ, గార తీయించుకొన్న చాలును. మీ చిగుళ్ళు మా చిగుళ్ళకంటె గట్టిగా నున్నవి" అంటిమి. వారు మిక్కిలి సంతసించి, "వింటిరా, చుట్ట చిగుళ్ళకు బలమట!" అని అరుగుపైనున్న వారితో ననిరి. ఆ మాటను మా పేరు చెప్పి ఊరంతయు చాటిరి.

మూడేండ్లు గడువకముందే వారి ముందరి పండ్లు నాలుగు కదలి యూడినవి. ఆ మరుసటి యేట తెల్లవారుజామున గుండెపోటు వచ్చి, పట్టణమునకు కొనిపోవుచుండగా త్రోవలోనే కాలధర్మము నొందిరి. చిగుళ్ళ జబ్బే వారి ప్రాణము తీసినదని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుటకు శాస్త్రము మాకధికారమీయదు. ఒకే పొగ రెండు చోట్ల పనిచేసినది. మొదటి చోట దాని జాడను గుర్తింపవలసినవారము మేము. గుర్తింపకపోగా మెచ్చుకొంటిమి. ఆనాడు చుట్ట మానుడని చెప్పియున్నచో వారు మానెడివారో లేదో భగవంతునికెరుక. మేము చెప్పలేదనునది మాత్రము మాకు తెలియును. ఆ యప్పును మీ యెదుట కొంతైనను తీర్చుకొనవలెననియే యీ విషయమును గైకొంటిమి.

ఇక విషయమునకు వత్తము. 1683వ సంవత్సరమున హాలండు దేశమందలి డెల్ఫ్ట్ పట్టణములో గుడ్డల వర్తకుడైన లీవెన్‌హుక్ అను నతడు తన పండ్లసందులలోని తెల్లని పాచిని నీటిలో కలిపి, తాను నూరి చేసికొన్న చిన్న కటకము క్రింద నుంచి చూచెను. అందు కంటికి గానరాని జీవులు చురుకుగా నీదులాడుచుండెను. ఆ సంగతిని అతడు లండనునందలి రాయల్ సొసైటీకి జాబు వ్రాసి తెలిపెను. మనుష్యుడు తన నోటిలోని బాక్టీరియాలను చూచుటకది యారంభము. నేటికి మనుష్యుల నోళ్ళయందు సుమారు 700 జాతుల సూక్ష్మజీవులుండునని కనుగొనబడినది. ఒక్కొక్కరి నోటిలో అన్నియు నుండవు. వందకో రెండు వందలకో తక్కువగాని జాతులు మాత్రముండును.

ఇవన్నియు శత్రువులే యనుకొనుట పొరపాటు. ఒక గ్రామమునందు పలు వృత్తులవారు కలసి కాపురము చేయునట్లు నోటియందును ఇవి తమ తమ తావులలో కాపురముండును. కొన్ని పండ్లపైని, కొన్ని నాలుకపైని, కొన్ని చిగురు క్రింది సందులలోను వసించును. గాలి కావలసినవి పైపైన నుండును. గాలి సరిపడనివి లోతున దాగును. మంచివి తమ స్థానమును విడువకుండ నిలిచియున్నంతకాలము చెడ్డవానికి తావు దొరకదు. ఊరిలో మంచివారు పలుచనైనచో దుర్మార్గులు పెచ్చుపెరుగుట మనమెరుగనిది గాదు.

పొగ యీ గ్రామమును పాడుచేయును. పొగలోని విషపదార్థములు కొన్ని జాతులను నేరుగా చంపును. పొగ వలన నోటియందు ప్రాణవాయువు తగ్గుటచే గాలి యక్కరలేని జాతులకు బలము కలుగును. లాలాజలమునకు గల రక్షణశక్తియు, రోగములతో పోరాడు తెల్లకణముల చురుకుదనమును కుంటుపడును. 2016లో అమెరికాలోని న్యూయార్కు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1,204 మంది పెద్దల నోటి సూక్ష్మజీవులను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఎన్నడును పొగ త్రాగనివారి నోట ప్రోటియోబాక్టీరియా అను వర్గము నూటికి 11.7 పాళ్ళుండగా, పొగ త్రాగువారి నోట 4.6 పాళ్ళు మాత్రమే యుండెను. స్ట్రెప్టోకాకస్ మొదలగు మరికొన్ని జాతులు వారియందు హెచ్చెను. ఒకప్పుడు త్రాగి మానినవారి సంగతియు వారు పరీక్షించిరి. దానిని ప్రసంగాంతమున మనవి చేసెదము. అది మనకు ధైర్యమిచ్చు సంగతి.

చెడ్డజాతులు చిగురు క్రింద పెరిగినప్పుడు పండును పట్టియుంచు నెముక క్రమముగా కరగిపోవును. దీనినే మనవారు పయోరియా యందురు. అమెరికాలో 2000వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గొప్ప లెక్కనుబట్టి, పొగ త్రాగువారికీ జబ్బు కలుగుట త్రాగనివారికంటె సుమారు నాలుగు రెట్లధికము. అచటి రోగులలో నూటికి 42 మంది జబ్బునకు అప్పటికి సాగుచున్న ధూమపానమే కారణమని వారు లెక్కవేసిరి.

ఇందు మోసమొకటి గలదు. సాధారణముగా చిగురు చెడినప్పుడు ఎరుపెక్కి వాచి, పండ్లు తోముకొనునపుడు రక్తము కారును. ఆ రక్తమును చూచి మనము భయపడి వైద్యునికడకు పోదుము. పొగ త్రాగువానికి నికోటిను వలనను, పొగలోని యితర పదార్థముల వలనను చిగుళ్ళలోని సన్నని రక్తనాళములు సరిగా స్పందింపవు. లోపల ఎముక కరగిపోవుచున్నను పైకి చిగురు పాలిపోయి గట్టిగా కనబడును, రక్తము రాదు. దొంగ యింట జొరబడి కుక్క నోరు కట్టివేసినట్లుండును. కుక్క మొరగలేదు గనుక దొంగ రాలేదని మా పెదతండ్రిగారును మేమును నిశ్చింతగా నుంటిమి. కావున, అయ్యలారా, పొగ త్రాగువారికి చిగుళ్ళనుండి రక్తము రాకుండుట ఆరోగ్యలక్షణమని యెన్నడును నమ్మవలదు. ఈ యుపన్యాసమంతయు మరచినను ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొన్న మా శ్రమ ఫలించినట్లే.

నోటిలోని మంచి సూక్ష్మజీవులు గుండెకెట్లు సేవ చేయునో యొక యుదాహరణమును చూతము. మనము తిను పాలకూర, తోటకూర, బీటుదుంప మున్నగువానియందు నైట్రేటు అను లవణము సమృద్ధిగా నుండును. అది జీర్ణమై రక్తములో కలసి, మరల లాలాజలముతో నోటిలోనికి వచ్చును. నాలుక వెనుకభాగమున వసించు నైసీరియా మొదలగు జాతులు దానిని నైట్రైటుగా మార్చును. ఈ మార్పును తనంతట తాను చేసికొను శక్తి మన శరీరమునకు మిక్కిలి కొద్ది. అట్లు మారిన దానిని మనము మ్రింగినపుడు శరీరము దానినుండి నైట్రిక్ ఆక్సైడు అను వాయువును తయారుచేసికొనును. రక్తనాళములను సడలించి రక్తపుపోటును తగ్గించునది ఈ వాయువే. రక్తనాళములయందు దీని పనిని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానమొసగబడినది.

2013లో లండనునందలి పరిశోధకులు ఆరోగ్యవంతులైన 19 మందిచేత ఏడు దినములు సూక్ష్మజీవులను చంపు మందునీటితో నోరు పుక్కిలింపజేసిరి. వారి నోటిలో నైట్రైటు తయారగుట దాదాపుగా నిలిచిపోయి, రక్తపుపోటు రెండు మూడు పాయింట్లు పెరిగెను. వైద్యుడు చెప్పకుండ అట్టి మందునీళ్ళను నెలల తరబడి వాడుట మంచిది గాదని దీనివలన తెలియుచున్నది. పొగ త్రాగువారియందు తగ్గిపోయిన వర్గములో ఈ నైసీరియాయును చేరినదే. అన్నముతో తోటకూర తిని, వెంటనే చుట్ట ముట్టించువాడు ఒక చేత నిచ్చి మరియొక చేత తీసికొనుచున్నాడు.

పొగ గుండెకు నేరుగా చేయు కీడు నిర్వివాదము. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములోని ప్రాణవాయువు స్థానము నాక్రమించుకొనును. నికోటిను గుండెను వేగముగా కొట్టుకొనజేసి రక్తపుపోటును పెంచును. రక్తనాళముల లోపలి నున్నని పొర చెడును. రక్తము సులభముగా గడ్డకట్టు గుణమును పొందును. గుండెకు రక్తమునిచ్చు ధమనిలో అట్టి గడ్డ యడ్డుపడినచో గుండెపోటు వచ్చును. ఇంగ్లండులో రిచర్డు డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను నిరువురు 1951లో 34,439 మంది పురుష వైద్యుల యలవాట్లను వ్రాసికొని, వారి జీవితములను గమనింపజొచ్చిరి. ఆ పని 50 ఏండ్లు సాగినది. జీవితకాలమంతయు సిగరెట్టు కాల్చినవారు కాల్చనివారికంటె సగటున పదేండ్లు ముందుగా మరణించిరని 2004లో తేలినది.

సిగరెట్టు దొరలది, బీడీ మన నేలది గనుక బీడీ యంత చెడ్డది గాదని కొందరందురు. 52 దేశములలో గుండెపోటు వచ్చినవారిని రానివారితో పోల్చి చూచిన పరిశోధన యొకటి గలదు. 2006లో ప్రకటింపబడిన దాని లెక్కలనుబట్టి సిగరెట్టు గుండెపోటు భయమును సుమారు మూడు రెట్లు చేయుచున్నది. బీడీయు దాదాపు అంతియే చేయుచున్నది. మరికొందరు దినమునకొక్కటియే కాల్చుచున్నామందురు. 2018లో వెలువడిన పరిశీలనలో, దినమునకు 20 సిగరెట్లు కాల్చువానికి గుండెజబ్బు భయమెంత హెచ్చునో, ఒక్కటి కాల్చువానికి అందు దాదాపు సగము హెచ్చునని తేలినది. ఇరువదింటిని ఒక్కటిగా తగ్గించుట మేలే గాని గుండె విషయమున అది చాలదు.

పొగ నోటిని చెరచుననియు, గుండెను చెరచుననియు తెలిసినది. చెడిన నోరు తానుగా గుండెను చెరచునా యను ప్రశ్న మిగిలినది. ఇచట మేము జాగ్రత్తగా మాటలాడవలసియున్నది. ఏలయనగా మా వృత్తివారే యీ విషయమున నొకప్పుడు హద్దు మీరిరి. 1910లో లండను వైద్యుడు విలియం హంటర్ కెనడా దేశపు మాంట్రియాల్ నగరమున నొక యుపన్యాసమిచ్చి, నోటి కుళ్ళే పలు రోగములకు మూలమని ఘోషించెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దములు కీళ్ళనొప్పికిని, కడుపునొప్పికిని, మనోవ్యాధికిని గూడ పండ్లు పెరికివేయు వెర్రి ప్రబలినది. ఎందరో నిష్కారణముగా బోసినోటివారైరి. రోగములు మాత్రము పోలేదు.

ఆ వెర్రి యణగిన పిమ్మట 1989లో ఫిన్లాండు దేశపు వైద్యులు, గుండెపోటు వచ్చిన వారి పండ్లు రానివారి పండ్లకంటె హీనస్థితిలో నున్నవని చూపిరి. తరువాత ధమనులలో పేరుకొన్న క్రొవ్వుగడ్డలయందు పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ మున్నగు చిగుళ్ళ జబ్బు సూక్ష్మజీవుల జాడలు దొరకినవి. చెడిన చిగురు పుండువంటిది. నమలునప్పుడెల్ల సూక్ష్మజీవులు అందుండి రక్తములోనికి పోవచ్చును. దేహమంతటను వాపు గుణము హెచ్చవచ్చును. 2007లో ప్రకటింపబడిన పరీక్షలో 120 మంది రోగులకు చిగుళ్ళ చికిత్స చేయగా, పూర్ణచికిత్స పొందినవారి రక్తనాళముల పనితీరు ఆరు మాసములకు బాగుపడినది. ఇవన్నియు చూచిన పిదపను 2012లో అమెరికా గుండెవైద్య సంఘము వారు, రెండు జబ్బులకును సంబంధము గలదు గాని, ఒకటి రెండవదానికి కారణమని గాని, చిగుళ్ళ చికిత్స గుండెపోటును ఆపునని గాని రుజువు కాలేదని ప్రకటించిరి. రెండింటికిని పొగ ఉమ్మడి కారణమగుటచే చిక్కు విడదీయుట కష్టము.

కావున మేము చెప్పదగినదింతియే. పండ్లు తోముకొన్నంతమాత్రమున పొగ పాపము పోదు. గార తీయించుకొని చుట్ట మానకుండుట గుండెకు రక్ష గాదు. నోరు చక్కగా నుంచుకొనుట నోటికి తప్పక మేలు. గుండెకును మేలు కావచ్చును. పొగ మానుటయో, రెండింటికిని నిశ్చయముగా మేలు. చిన్ననాడు రుమాటిక్ జ్వరము తగిలి గుండె కవాటములు చెడినవారును, కవాటములు మార్పించుకొన్నవారును మాత్రము నోటి విషయమున మరింత మెలకువగా నుండవలెను. నోటిలోని స్ట్రెప్టోకాకస్ జాతులు రక్తముద్వారా పోయి చెడిన కవాటములపై నాటుకొనుట ప్రాణాపాయకరము. ఇది చిరకాలముగా రుజువైన సంగతి. అట్టివారు పండు తీయించుకొనుటకు ముందే తమ గుండె సంగతిని పండ్లవైద్యునికి తెలుపవలెను.

ఇక మన యిండ్ల సంగతి. పొగ త్రాగనివాడు మరుజన్మమున దున్నపోతగునని హాస్యమునకు చెప్పుకొను చాటువు మనకు గలదు. ఆ హాస్యమును నమ్మి మన తెలుగుదేశమున చుట్టకు పీట వేసితిమి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు తీరగ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుట మీరెరిగినదే. గాలికి చుట్ట ఆరిపోకుండుటకును, పిల్లలపై నిప్పు పడకుండుటకును అట్లు చేయుదురు. శ్రీకాకుళము జిల్లాయందు 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి 1971లో ప్రకటించిన వ్యాసము వలన, ఆ నిప్పు అంగిలిని కాల్చి యెట్లు పాడుచేయునో లోకమంతటికి తెలిసినది. అంగిలి పుట్టకురుపునకు అది ముఖ్యకారణము. పొగ లేని పొగాకు సంగతియు చెప్పవలెను. గుట్కా, ఖైనీ, జర్దాకిళ్ళీ, పొగాకు పొడితో పండ్లు తోముకొనుట, ఇవి యేవియు పొగకు మారుమందులు గావు. 2016-17లో మన దేశమున జరిగిన లెక్కనుబట్టి పెద్దలలో నూటికి 28.6 మంది ఏదో రూపమున పొగాకును వాడుచుండిరి. పొగ త్రాగువారు నూటికి 10.7 మంది.

మా తాత తొంబదియేండ్లు చుట్ట కాల్చి బ్రతికెనని చెప్పువారు ప్రతి యూరనున్నారు. నిజమే. వరద వచ్చిన యేటిలో ఈది బయటపడినవాడు గట్టునకు వచ్చి కథ చెప్పును, మునిగినవాడు రాలేడు. మా పెదతండ్రిగారీ సభకు వచ్చి చెప్పలేరు గదా!

సభలో నున్న పొగాకు రైతులును, వర్తకులును మా మాటలకు నొచ్చుకొనవలదు. గుంటూరు, ప్రకాశము సీమలలో పొగాకే యెన్ని కుటుంబములను నిలువబెట్టినదో మాకు తెలియును. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టి బిడ్డలను చదివించుకొన్న తల్లులను మేమెరుగుదుము. మన వసతిగృహపు గోడలలో కొన్ని యిటుకలు పొగాకు రాబడితో పేర్చినవే. ఆ దాతల కృతజ్ఞత మరచువారము గాము. పంట వేయువానిని నిందించుట మా యుద్దేశము గాదు. ఆ పొగ వారి బిడ్డల నోటికే చేరకుండ చూడుడని మాత్రమే మా ప్రార్థన. మీ యిటుకలతో కట్టిన గదిలో చదువుకొను పిల్లవాడు అదే గది వెనుక సిగరెట్టు కాల్చుచున్నచో, మీరిచ్చిన దానమును మీ చేతితోనే వెనుకకు తీసికొన్నట్లగును.

ధైర్యము చెప్పు సంగతి యొకటి మిగిలినదని ముందే మనవి చేసితిమి. న్యూయార్కు పరీక్షలో పొగ మానినవారి నోటి సూక్ష్మజీవులు ఎన్నడును త్రాగనివారి నోటివానితో సమానముగా నుండెను. చెదరిపోయిన గ్రామము మరల కూడుకొనుచున్నదన్నమాట. మానిన యొక యేటికి గుండెజబ్బు భయములో పొగ వలన హెచ్చిన భాగము సుమారు సగమునకు దిగును. డాల్ గారి లెక్కలలో 60వ యేట మానినవారికి మూడేండ్లు, 50వ యేట మానినవారికి ఆరేండ్లు, 40వ యేట మానినవారికి తొమ్మిదేండ్లు ఆయువు దక్కినది. 30వ యేట మానినవారికి పోగొట్టుకొనవలసిన పదేండ్లును దాదాపుగా దక్కినవి. ఇక మానుటకు వయసు మించిపోయినదను మాటకు తావు లేదు.

మానిన మొదటి వారములలో ఒక వింత జరుగవచ్చును. ఇన్నాళ్ళు రక్తము రాని చిగుళ్ళనుండి పండ్లు తోముకొనునపుడు రక్తము రావచ్చును. చుట్ట మానినందుననే చిగుళ్ళు చెడినవని భ్రమించి, మరల చుట్ట పట్టినవారిని మేము చూచితిమి. భయపడవలదు. కుక్క నోటి కట్టు విప్పిరి గనుక మొరగుచున్నది. అప్పుడు వైద్యునికడకు పోయి గార తీయించుకొని, దినమునకు రెండుమారులు మెత్తని బ్రష్షుతో శుభ్రముగా తోముకొన్నచో క్రమముగా తగ్గును. మానుట యొంటరిగా కష్టమైనచో సర్కారు వారి యుచిత టెలిఫోను 1800-11-2356 గలదు, సలహా చెప్పుదురు. వైద్యుని సలహాపై మందులును వాడవచ్చును. ఒకమారు తప్పినవాడు ఓడినవాడు గాడు. పలుమారులు ప్రయత్నించి మానినవారే లోకమున నెక్కువ.

ఈ మహాసభవారి సమక్షమున నాలుగు మనవులు చేయుచున్నాము. పెద్దలు తగునని తలచినచో తీర్మానములుగా స్వీకరింతురు గాక.

మొదటిది, మన యిండ్ల పెండ్లి విడిదులలోను, కర్మదినముల బంతులలోను తాంబూలపు పళ్ళెము ప్రక్కన సిగరెట్టు డబ్బాలను, చుట్టకట్టలను, జర్దాకిళ్ళీలను ఉంచకుండుట. మర్యాదకు వక్కయాకు చాలునని కొందరందురు గాని వక్కయు నోటికి హానికరమని తేలినది. పండును, పువ్వును, మంచిమాటయును చాలును.

రెండవది, వసతిగృహమునందు పొగాకు ఏ రూపమునను చేరనీయకుండుట. దొరకిన పిల్లవానిని వెళ్ళగొట్టక, దగ్గర కూర్చుండబెట్టుకొని మాన్పించుట.

మూడవది, ప్రతి వార్షిక మహాసభయందును ఒక పూట నోటి పరీక్ష యేర్పాటుచేయుట. పొగ త్రాగువారికి చిగుళ్ళ లోతు కొలుచుటయు, నలువది దాటినవారికి రక్తపుపోటు చూచుటయు జరుగవలెను. అందుకు మేమును, మా వృత్తిలోని మిత్రులును ఉచితముగా పనిచేయ సిద్ధముగా నున్నాము.

నాలుగవది, పొగాకు వదలి వేరు పంటకు మారదలచిన చిన్న రైతులకు మన సంఘపు పొదుపు నిధినుండి తక్కువ వడ్డీకి ఋణమిచ్చు విషయమును కార్యవర్గము వారు ఆలోచించుట. మానుడని చెప్పుట సులభము. మారుటకు చేయూతనిచ్చినపుడే ఆ మాటకు విలువ.

అయ్యలారా, అమ్మలారా! నాడు అరుగుమీద మేము చెప్పిన తప్పుమాటను మా పెదతండ్రిగారు ఊరంతయు చాటిరి. నేడు చెప్పిన యీ మాటను మీరు మీ యూళ్ళలో చాటినచో మా మనసు కొంత తేలికపడును. ఇంటికి పోయిన పిదప మీ యింట పొగ త్రాగు పెద్దవారెవరున్నను వారి యెదుట కూర్చుండి, "చిగుళ్ళనుండి రక్తము రాలేదని నమ్మకుడు, ఒకమారు చూపించుకొనుడు" అని చెప్పుడు.